సాంచాలు ఆగితే దగ్గని అక్క

"ఒక్క ఏడాది ఓపిక పట్టున్రి అత్తమ్మా, సాంచాలు ఇంట్లకెల్లి తీసి షెడ్డుల పెడ్త" అని మా బావ మా అమ్మకు మాట ఇచ్చాడు. అప్పటికి మా అక్క కొత్త పెళ్లికూతురు.

నిన్న పొద్దున సిరిసిల్ల నుంచి ఫోన్.

శాంతక్క పోయింది.

ఆ పవర్‌లూమ్ సాంచాల పక్క గదిలోనే.

కోరుట్లలో బస్సెక్కింది ఒక్కటే గుర్తుంది. సిరిసిల్లలో దిగేసరికి చేతిలో పేపర్ మడత విప్పకుండా అట్లాగే ఉంది.

జగిత్యాలలో మేం పెరిగేటప్పుడు అక్క గొంతు వాడకట్టు మొత్తానికి వినపడేది. "గంగా, బువ్వ తింటవా, కుక్కకెయ్యన్నా?" అని నన్ను ఒక్క కేక వేస్తే ఎక్కడున్నా ఉరికొచ్చేవాణ్ణి.

ఆ గొంతును మింగడం నేర్పింది బావే.

ఇల్లంతా నూలు దుమ్ము. కండెలు చుట్టీ చుట్టీ ఆమెకు దగ్గు పట్టుకుంది. ఒకసారి చుట్టాలు కూర్చుని ఉండగా దగ్గింది. బావ నవ్వుతూనే అన్నాడు: "దగ్గేదుంటె సాంచాలు నడిచేటప్పుడే ఆ సప్పుడుల దగ్గు. లేకుంటె టీబీ గీబీ అనుకుంటరు."

అందరూ నవ్వారు. అక్క కూడా.

తర్వాత జీవితమంతా అట్లాగే చేసింది. కరెంటు పోయి సాంచాలు ఆగితే కొంగు నోట్లో కుక్కుకునేది.

పోయిన చలికాలం ఒక ఆశ వర్కర్ వచ్చింది. ఫోన్‌లో యాప్. దాని ముందు దగ్గితే, ఆ సౌండ్‌ను బట్టి ఊపిరితిత్తుల్లో తేడా ఉందేమో చెప్తుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఇలాంటి వాటి గురించి చదివినవాణ్ణి, నాకు ప్రాణం లేచొచ్చింది.

"సప్పుడు ఉండొద్దు, సాంచాలు బంద్ పెట్టున్రి" అంది.

బంద్ పెట్టారు.

"ఇగ గట్టిగ దగ్గు పెద్దమ్మా."

అక్క నోరు తెరిచింది. దగ్గు రాలేదు. బావ వైపు చూసింది. చివరికి గొంతు సవరించుకున్నంత చిన్న చప్పుడు. మళ్లీ అడిగినా అంతే.

ఫోన్‌ను నేనేమీ అనను. విన్నదే చెప్పింది.

"ఇందుల తేడా ఏం కనిపిస్తలేదు. గని దీన్నొక్కదాన్నే నమ్మకున్రి, ఎక్స్‌రే తీపియ్యున్రి" అని ఆ పిల్ల మరీమరీ చెప్పి వెళ్లింది.

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి.

అప్పుడు చూశాను. వంటింటి గోడ పట్టుకుని, నడుం వంగిపోయి అక్క దగ్గుతోంది. కళ్లకు కనపడుతోంది. చెవులకు వినపడట్లేదు.

బావ కూడా చూశాడు.

"బావా, రేపే దవాఖానకు తీస్కపోదాం" అన్నాను.

"ఫోన్ల మంచిగనే అచ్చింది గదా. నీ సదువుకు ఎప్పుడూ రోగాలే కనవడ్తయి."

"పోనియ్ తమ్మీ" అంది అక్క, లొల్లి ఎందుకని.

నా చదువును వెక్కిరించిన మనిషి ఫోన్ మాటను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. తనకు పనికొచ్చింది కాబట్టి. చివరికి దవాఖానకు తీసుకుపోయేసరికి అక్కకు ఊపిరి అందడం లేదు. "ఇన్ని రోజులు ఏం చేసిన్రు?" అని డాక్టర్ బావను అడిగి, ఇక ఇంటికే తీసుకుపొమ్మన్నాడు.

నిన్న పాడె లేచేటప్పుడు సాంచాలు ఆపారు. బావ ఏడ్చాడు. వీధి మొత్తం వినేలా ఏడ్చాడు.

మెల్లగా ఏడవమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇది రాస్తున్నానని తెలిసి, బావ పేరు పెట్టి రాయొద్దని చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. చేయనీ.

అక్కా, ఇక ఆ కొంగు తీసెయ్. నువ్వున్న చోట దుమ్ము లేని గాలి ఉండాలి. తనివితీరా పీల్చుకో. నిమ్మళంగా ఉండు.

నేను ఇంకా తప్పు పట్టేది ఒక్కరినే.

రాజమల్లు బావా, నిన్నే.