నాలుగో కర్ర

కెనడాలోని వాటర్లూలో చదువుకునే రోజుల్లో నా క్లాస్‌మేట్ డేనియల్ పెళ్లికి వెళ్లాను. వాళ్లు యూదులు. వాళ్ల పెళ్లిపందిరి అంటే నాలుగు కర్రలకు కట్టిన తెల్లటి గుడ్డ, అంతే. ఆ కర్రల్ని నలుగురు దగ్గరివాళ్లు పట్టుకుని నిలబడాలి. నాలుగో అతని ఫ్లైట్ లేటవడంతో, పొడుగ్గా ఉన్నానని నన్ను పిలిచారు.

పెళ్లిలో గుడ్డ పట్టుకోవడం నాకేమన్నా కొత్తా? మా అక్క పెళ్లిలో వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నది నేనే. ముహూర్తానికి సరిగ్గా దించానని పంతులుగారు మెచ్చుకున్నారు కూడా. అదే ధీమాతో, డేనియల్ ఉంగరం తొడగగానే నా కర్ర గబుక్కున దించేశాను.

గుడ్డ వెళ్లి పెళ్లి చేయిస్తున్న పెద్దాయన టోపీని, పెళ్లికూతురి తలను కలిపి కప్పేసింది.

“ఎత్తు, ఎత్తు!” పక్క కర్ర పట్టుకున్న డేనియల్ తాతగారు గుసగుసగా అరిచారు. “అది వాళ్ల ఇల్లయ్యా! కాపురానికి రాకముందే కప్పు కూల్చేస్తావా?”

కర్ర ఎత్తి, సిగ్గుతో అడిగాను: “మరి గోడలేవండీ?”

“ఎవరైనా లోపలికి రావచ్చని పెట్టలేదు.”

ఆ తర్వాత చేతులు పీకేస్తున్నా కర్ర కదలనివ్వలేదు. భోజనాల దగ్గర ఆయనే వచ్చి, ఎక్కడుంటున్నావని అడిగారు.

“బేస్‌మెంట్‌లోనండీ. ఒకే హాల్లో ఆరుగురం.”

“ఆరుగురా? దానికీ గోడల్లేవా?”

“లేవండీ, మంచాల మధ్య తెరలే” అన్నాను. నా తెర దించి అక్కణ్ణుంచి బయటపడే ముహూర్తం నాకు రెండేళ్లకు గానీ రాలేదు.