పొగలో నాయన ముఖం

తిరుపతిలో మనస్తత్వశాస్త్రం చదివే మా కూతురి కూతురు మొన్న ముప్పై ముఖాల బొమ్మలు తెచ్చి నా ముందర పరిచింది. ఒక్కొక్కటి చూసి అది సంతోషమో, దుఃఖమో, కోపమో, భయమో చెప్పాలట. ముసలివాళ్ళు ఎదుటివాళ్ళ ముఖం చూసి ఏమనుకుంటారన్నది దాని పరిశోధన. దళసరి కాగితం, ఒకవైపే అచ్చు, రెండోవైపంతా దండుగ. అయినా నోరు మూసుకుని, అయిదో క్లాసుతో ఆగిన నా చదువుకు తోచినట్టు చెబుతూ పోయాను. పన్నెండో బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను. కళ్ళు ఎర్రబడి తడిగా ఉన్న ఒక పెద్దాయన.

“ఈయప్ప యాడుండాడే?”

“యాడుంటే నీకేమవ్వా? మొగం సూసి సెప్పు, సాలు.”

“పొగ తగిలిందేమో.”

“పొగ నా పట్టీలో లేదే!” అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

చెరకు పండించే ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకు తెలుసు, ఊరంతటికీ ఒకటే గానుగ, మన వంతు వచ్చిన నాలుగు రోజులూ బెల్లం పొయ్యి ఆరకూడదు, ఆరితే కొట్టిన చెరకు ఎండిపోతుంది. పాకాల అవతల మా అత్తగారి ఊళ్ళో, పెళ్ళయిన మూడో ఏడు, వంతు రెండో రోజు నేను పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తుంటే, చంద్రగిరి దగ్గర మా పుట్టింటి నుంచి నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. అక్కడ ఎవరి కళ్ళు కారడం లేదు గనక?

“పొగలో యాల నిలబడ్తావు నాయనా, ఇట్ల రా. నన్ను పిల్సుకపోను వచ్చింటే మాత్రం వంతు అయినాకనే,” అని ఆయన నోరు తెరవకముందే అనేశాను. అత్త వద్దనేది కాదు. పని చెడుతుందన్న మొండితనం నాదే.

“ఊరికే సూసి పోదామని వచ్చినానమ్మా,” అన్నాడు.

బెల్లం అడగలేక మొహమాటపడుతున్నాడనుకుని రెండు ముద్దలు గుడ్డలో కట్టిచ్చాను. తీసుకుని వెళ్ళిపోయాడు.

వంతు ముగిసిన రోజు కబురొచ్చింది. జ్వరంలో నన్నే కలవరించిన అమ్మను నేను వెళ్ళి చూసేసరికి ప్రాణం లేదు. ఆ గుడ్డ మూట విప్పకుండా ఉట్టిలో ఉంది. నాయన ఆనాడు ఎందుకొచ్చాడో అప్పుడు తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు, బతికినన్నాళ్ళూ.

ఇప్పుడు ఆ పొయ్యిలు లేవు, పొగా లేదు. ఒంట్లో నలతగా ఉంటే పిల్లలు ఫోనులో ముఖం చూపించి మరీ చెబుతారు, మంచిదే. చోటు తెలియకుండా ముఖాన్ని ఎట్లా పోల్చేదని మనవరాలిని తప్పుపట్టబోయాను గానీ, నాయన నా ఎదుటే నిలబడ్డాడు కదా, ఆ చోటే కదా నన్ను మోసం చేసింది. ఇన్నేళ్ళు తలచి తలచి అలసిపోయాను.

పన్నెండో బొమ్మకు ఏం రాయమంటావని అది మళ్ళీ అడిగింది.

“నన్నడిగితే ఏం తెలుస్తుందే? ఆయప్ప ఉంటే ఆయప్పనే అడిగి రాసుకో,” అన్నాను.