వలకు వాటా

1966 వేసవిలో నన్ను కోట అనే ఊరి దగ్గరి ఒక జాలరి పల్లెకు వాక్యాలు ఏరుకురమ్మని పంపారు. అప్పుడు నేను మద్రాసులో ఒక పరిశోధన సంస్థలో తాత్కాలిక సహాయకుణ్ణి. మా శాఖలో నాకన్నా కింద బంట్రోతు ఒక్కడే. కంప్యూటరుకు తెలుగు వాక్యం బోధపరచడం మా పని: చేసిందెవరు, దేనితో చేశారు, ఎవరికి అందింది. ఒక్కో మాటకూ ఆ సంబంధాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా పొడిచి యంత్రానికి తినిపించేవాళ్లం. ఏడాది చివరి పరీక్షలో అది తప్పితే శాఖ మూతే. అప్పుడిక నాకు బుచ్చిరెడ్డిపాలెంలో మా మామ బియ్యం మిల్లు గుమాస్తాగిరీయే గతి. ఆయన గొంతు తలుచుకుంటేనే నాకు పరిశోధన మీద భక్తి పెరిగేది.

ఒడ్డున పోలయ్య అనే పెద్దాయన చేపలు కుప్పలు పోస్తూ, మనుషులకు పంచకముందే ఒక కుప్ప పక్కకు తీశాడు. అదెవరికని అడిగాను.

“వలకు సామీ.”

“వల తింటుందా అన్నా?”

“తినేదానికి కాదు. చిరిగితే నూలు యాడ నుంచి వస్తాది? దానికీ వాటా ఉండాల గదా.”

“పోలయ్య వలకు వాటా ఇచ్చాడు” అని కార్డుకెక్కించాను. యంత్రం ఒప్పుకోలేదు. మా నియమం ప్రకారం పుచ్చుకునేవాళ్లకు ప్రాణం ఉండాలి. వల వట్టి పనిముట్టు. ఆ వాక్యం పారేద్దామంటే అప్పటికే పరీక్షకు పంపేసిన వాటిలో చేరిపోయింది. మా అధికారి మహా తొందర మనిషి. “దానికి ప్రాణం పోసెయ్యవయ్యా” అన్నారు. ప్రాణమున్నవాటి పట్టికలో వలను చేర్చాను. యంత్రం శాంతించింది.

పరీక్షకు వచ్చిన పెద్దమనిషి సొంతూరు కావలి. మా వాక్యాలన్నీ చూసి మెచ్చుకుని, అంతటితో ఊరుకోక తన సొంత వాక్యం ఒకటి వేయమన్నారు: “వల అన్నం తిన్నది.” యంత్రం ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా అచ్చువేసింది: వాక్యం సరి, తిన్నది వల. ఆయన నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు. “కూర ఏందో కూడా అడగండి” అన్నారు. నాకైతే మిల్లు ఊక అప్పుడే ముక్కులో దూరినట్టయింది.

భోంచేసి వస్తానని ఆయన వెళ్లగానే పోలయ్య మాట గుర్తొచ్చింది: తినేదానికి కాదు. నేను భోజనం మానేసి, ప్రాణమున్నవాటిలోంచి వలను తీసేసి, వాటా పుచ్చుకోదగినవని వేరే పట్టిక పొడిచాను: మనుషులు, దేవుళ్లు, పడవలు, వలలు. ఆయన తిరిగొచ్చేసరికి వలకు వాటా అందింది, అన్నం అందలేదు. శాఖకు పొడిగింపు వచ్చింది. నాకు పట్టలేనంత సంతోషం.

ఆ కబురు చెబుదామని మళ్లీ పల్లెకు వెళ్లాను. పోలయ్య అంతా విని, “మీ మిషనుకు వాటా తీసినారా?” అన్నాడు. మరమ్మతులకంటూ మేమేమీ తీసిపెట్టలేదని చెప్పాను.

“అట్లయితే అది ఎన్నాళ్లు పనిచేస్తాదిలే” అని వల బాగుచేసుకోవడంలో పడ్డాడు. మరుసటి ఏడు మా యంత్రం చెడిపోయి, నెలల తరబడి గుడ్డ కప్పుకుని కూర్చుంది.

మాటకు ప్రాణముందో లేదో నిఘంటువు చెబుతుంది. దానికి ఏం చెల్లుతుందో ఆ పని చేసేవాళ్ల ఆచారం చెబుతుంది. యంత్రానికి ఈ రెండూ విడివిడిగా నేర్పాలి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను తయారుచేసిన ప్రతి బడ్జెట్టులోనూ, జీతాలకన్నా ముందు, యంత్రం వాటా తీశాను.