మంత్రి కొడుకు వేషం

గణేశ్ నవరాత్రుల్లో మండపం ముందు నాటకం వేయడం మా నానక్‌రామ్‌గూడలో ఇంకా పోలేదు. చుట్టూ అద్దాల భవనాలు ఎన్ని లేచినా, మధ్యలో మిగిలిన నాలుగు గల్లీల వాళ్లం ఏటా ఒకే కథ వేస్తాం. రాజును తమ్ముడు చంపి గద్దె ఎక్కుతాడు. రాజు కొడుకు నిండు సభలో పినతండ్రిని నిలదీసి పగ తీర్చుకుంటాడు. ఆ రాకుమారుడి వెంట ఉండే మంత్రి కొడుకు వేషం నాది. పొద్దంతా మాదాపూర్ దాకా షేర్ ఆటో తోలి గొంతు పోగొట్టుకునేవాడికి అంతకన్నా పెద్ద వేషం ఎవరిస్తారు? రాకుమారుడు ఒక్కో మాట అన్నప్పుడల్లా "నిజమే రాజా" అనాలి, అంతే. ఆ మాట పడితేగానీ అతను తర్వాతి మాట ఎత్తుకోడు. అది మా పద్ధతి.

రాకుమారుడి వేషం వేసేవాడు నా చిన్ననాటి దోస్తు. వాడి నాన్న దవాఖానలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు, సొంత తమ్ముడే ఆయన చేత వేలిముద్ర వేయించి ఉమ్మడి పొలమంతా అమ్మేసుకున్నాడు. ఆ పొలంలో లేచిన టవర్ గేటు దగ్గరే మావాడు సెక్యూరిటీ గార్డు. ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆ చిన్నాయనే. ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు లేడు, పైకి అన్నవాడూ లేడు. టెంటు, మైకు, అన్నదానం అన్నీ ఆయన చలవే మరి.

ఆ ఏడాది ముఖానికి రంగు పూసుకుంటూ వాడన్నాడు. "ఇయ్యాల సభల అసలు ముచ్చట జెప్తరా. నాకు భూమొద్దు, పైసలొద్దు. నలుగుట్ల ఆయన తలకాయ దించుకోవాలె, గంతే. నా ఎన్క నిలవడతవా?"

"ఉన్న నౌకరి పోతది. జర సోచాయించు."

"పోతె పోనీ. నిలవడతవా, లేదా?"

నిలబడతానన్నాను.

సాయంత్రానికి టెంటు నిండిపోయింది. ముందు వరసలో సోఫా మీద చిన్నాయన కూర్చున్నాడు. మావాడు గద్దె మీది రాజు వైపు చూడనైనా చూడలేదు. సోఫా వైపు తిరిగి, నాటకం భాష వదిలేసి ఇంటి మాటలే అందుకున్నాడు.

"మా నాయిన దవాఖానల సోయి లేకుంట పడున్నడు."

"నిజమే రాజా," అన్నాను.

"నువ్వు ఆయన ఏలు వట్టి ముద్ర ఏయించుకున్నవు."

"నిజమే రాజా."

"నా భూమి గేటు కాడనే నన్ను కావలి పెట్టినవు."

"నిజమే రాజా!" ఈసారి మైకు కీచుమనేలా అరిచాను. ఇన్నేళ్లూ ఆ వేషాన్ని తిట్టుకున్నాను గానీ, ఆ నిమిషం దాన్ని ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు.

చిన్నాయన లేచాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన తిన్నగా స్టేజీ ఎక్కి, తనకు సన్మానంలో కప్పిన శాలువా తీసి మావాడి భుజాల మీద కప్పి, మైకు అందుకున్నాడు. "మా అన్న కొడుకు! ఎట్ల జేసిండో సూశిండ్రా? నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయి." నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు కూడా.

టెంటంతా ఈలలు, చప్పట్లు. అన్నీ తెలిసినవాళ్లే, హమ్మయ్య అనుకున్నట్టు, అందరికన్నా గట్టిగా కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది నాటకం గాదు! నిజంగ జరిగింది!" అని అరిచాను.

దానికీ చప్పట్లు కొట్టారు.

చిన్నాయన వాడి వీపు తట్టి, "వచ్చే ఏడు గూడ గీ ఏషం నీదే బిడ్డా," అన్నాడు. వాడు నా వైపు చూశాడు. శాలువా కప్పిన పెద్దలకు మొక్కడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నేను చేయి పట్టుకుని ఆపేలోపే వాడు వంగి ఆయన కాళ్లు మొక్కాడు.