అక్కడక్కడా అంటే ఎక్కడ?

వానాకాలం పోయినట్టే పోయి, గొడుగు మర్చిపోయానంటూ సగం దారిలోంచి తిరిగొచ్చే చుట్టంలా మళ్ళీ గుమ్మమెక్కే రోజులవి. పొద్దున కడిగిన పళ్ళెంలా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి మసిబారుతుంది. ఇలాంటి రోజుల్లోనే రేడియోలో వాతావరణం చదివే మనిషికి పలకరింపులు ఎక్కువవుతాయి.

జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ అతనిదే ఆ పని. గొంతు నిలకడైనది. ఆ గొంతున్న మనిషికి మాత్రం నిలకడ బొత్తిగా లేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే జేబులో తాళంచెవులు గలగలలాడిస్తాడు. మైకు ఆ చప్పుడు పట్టేస్తుంది కనుక స్టూడియోలోకి పోయే ముందు తాళాలూ చిల్లరా బయట బల్లమీద పెట్టేస్తాడు, జైలుకెళ్ళేవాడిలా. లోపల గోడలకి మెత్తటి గుడ్డ, తలుపుకి రబ్బరు అంచు, ఎదురుగా అద్దం, అద్దం వెనక ఇంజనీరు. కిటికీ లేదు. ఊరందరికీ వాన సంగతి చెప్పే గదిలోంచి వాన కనబడదు.

వాతావరణ కేంద్రం పంపే కాగితంలో వానకి నాలుగు మెట్లుంటాయి: ఒకటి రెండు చోట్ల, అక్కడక్కడా, చాలాచోట్ల, దాదాపు అన్నిచోట్లా. వెనకటికొక రాజు పుట్టబోయేది కొడుకా కూతురా అనడిగితే, జోస్యుడు "కొడుకు కాదు కూతురు" అని రాసిచ్చి, ఎక్కడ విరిచి చదవాలో పుట్టాక చెప్పాడట. "అక్కడక్కడా" ఆ జోస్యుడి మనవడే. పడినా నిజమే, పడకపోయినా నిజమే.

ఆ మాట చదివి చదివి అతనూ అలాగే తయారయ్యాడు. వయసులో ఉన్నప్పుడు సంబంధమొకటి వస్తే "చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల కొన్నాళ్ళు చూసి, వేరే అతన్ని చేసుకుంది. ఇప్పుడు స్టేషను పక్కన మేడమీద ఒంటరి గది, రెండు పూటలా అక్క ఇంట్లో భోజనం. అక్క మొగుడు పుస్తకాలకి బైండింగ్ చేస్తాడు. నోటికి మాత్రం ఏ బైండింగూ లేదు. బావమరిది గుమ్మంలో కనబడగానే మొదలు:

"ఏరా అక్కడక్కడా, ఆకలేస్తోందా, లేక వేసే అవకాశం ఉందా?"

ఆ సాయంత్రం మాత్రం బావ హాస్యమాడలేదు. ముందుగదిలో నడిమి దూలానికి చెద పట్టి కిందికి వంగింది. దాని కింద పొడుగు బల్లమీద ఊరి గ్రంథాలయం వాళ్ళ పాత నిఘంటువు, సంపుటాలన్నీ కుట్లు విప్పి పరిచి ఉన్నాయి. సగం కాగితాలకి జిగురు తడి ఆరలేదు. కదిపితే వరస పోతుంది. వరస పోయిన నిఘంటువు ఎవరికెందుకు? దూలం మార్చాలంటే పెంకులు దించాలి. వడ్రంగి దూలాన్ని గోటితో గీరి పొడి రాల్చి చూపించాడు.

"రేపు విప్పితే ఎల్లుండికి కప్పేస్తానమ్మా. ఆపైన పొరుగూళ్ళో పెద్ద పని ఒప్పుకున్నా. చలికాలం దాకా నన్ను తలుచుకోవద్దు."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "వాన వస్తుందా, రాదా?"

"రాగల రెండు రోజుల్లో అక్కడక్కడా..."

"రేడియో కట్టేసి నిన్నడుగుతున్నానురా. మా ఇల్లు అక్కడా, అక్కడక్కడా?"

"నా మోకాలు నొప్పి చెయ్యట్లేదమ్మా," అన్నాడు వడ్రంగి. "వాన రాదు."

బావ బట్టతల తడుముకున్నాడు. "చూశావా? మోకాలికున్న పాటి ధైర్యం నీకు లేదు."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపడిన ఆ క్షణాన అతనికి పౌరుషం వచ్చింది. అక్క కళ్ళు అతన్ని వదలలేదు. ఆమె అడిగింది ఒకే ఒక్క మాట.

"విప్పించక్కా. రాదు."

అన్నాక ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లారింది. ఆకాశంలో మచ్చ లేదు. అక్క ఇంట్లో వడ్రంగి పెంకులు దించడం మొదలెట్టాడు. అయినా అతను స్టేషను వసారాలోకి పోయి తల పైకెత్తి చూశాడు, లోపలికొచ్చాడు, మళ్ళీ పోయాడు. కాపలా మనిషి నవ్వాడు. "ఏం సార్, ఏదైనా పారేసుకున్నారా పైన?" మధ్యాహ్నానికి పడమట ఒక నల్లటి అంచు లేచింది. కాసేపటికి కాగితం వచ్చింది. "అక్కడక్కడా" లేదు. "చాలాచోట్ల, ఉరుములతో" అని ఉంది.

అక్క ఇంట్లో రేడియో తప్ప ఫోను లేదు. ఎదురింట్లో ఉంది కానీ ఎదురింటివాళ్ళు ఊళ్ళో లేరు. పరుగెత్తిపోదామంటే బులెటిన్ వేళయింది. తాళాలు బల్లమీద పడేసి లోపలికి వెళ్ళాడు. ఎర్రదీపం వెలిగింది.

కళ్ళు "చాలాచోట్ల" చూశాయి. నాలుక ఇన్నేళ్ళ అలవాటు మానలేదు.

"రాగల రెండు రోజుల్లో మన ప్రాంతంలో అక్క..."

అక్కడ ఆగిపోయాడు. అద్దం వెనక ఇంజనీరు తలెత్తాడు. అద్దం ఇవతల అతని నోట్లో సగం మాట ఉంది. ఆ సగానికే మనిషుంది.

"అక్కా," అన్నాడు మైకులో, "కప్పించెయ్యి. వచ్చేస్తోంది."

తర్వాత నిలకడగా చదివాడు: "చాలాచోట్ల ఉరుములతో కూడిన వర్షాలు కురుస్తాయి." కురిసే అవకాశం ఉంది అనలేదు. ఇంజనీరు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

ఊళ్ళో అక్క కాని ఆడమనిషి ఎవరు? రేడియో మోగుతున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఉలిక్కిపడి, దండెం మీద బట్టలు లాగేశారు.

అతను తాళాలు కూడా తీసుకోకుండా పరుగెత్తాడు. సందు మలుపులో మొదటి చినుకులు తగిలాయి. ఇల్లు చేరేసరికి కుండపోత. గోడమీద వడ్రంగి, నిచ్చెన మీద బావ, ఇద్దరూ గాలికి తన్నుకుంటున్న టార్పాలిన్ కొసలు చెరొకటి పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. టార్పాలిన్ గదికి కాస్త చాలలేదు. లోపల అక్క బల్లమీద దుప్పట్లు, పాత చీరలు, చివరికి తన పెళ్ళి చీర కూడా కప్పేసి, చాలని చోట తనే వంగి నిలబడింది. వీపు మీద నీళ్ళు కారుతున్నాయి.

అతను వెళ్ళి పక్కనే వంగాడు.

వాన వెలిశాక బావ దిగొచ్చి బల్లంతా తడిమాడు. కాగితాలు చాలామటుకు దక్కాయి. కొన్ని మాత్రం ముద్దగా అతుక్కున్నాయి.

"మనింట్లో కూడా అక్కడక్కడా పడిందిరా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. తర్వాత వడ్రంగి నవ్వాడు, మోకాలు పట్టుకుని.

"నువ్వు 'అక్కా' అన్నప్పుడు మీ బావ జిగురు గిన్నెలో చెయ్యి పెట్టాడు," అంది అక్క కొంగు పిండుకుంటూ. "నిన్న రాదన్నావు."

"అన్నాను."

"తప్పు చెప్పావు."

"చెప్పానక్కా."

ఆమె తల తుడుచుకోమని అతని మీదికి తువ్వాలు విసిరింది. "దూలం ఇంకా ఎక్కించలేదు. రేపేంటి మరి?"

అతను గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూసొచ్చాడు. "తెలీదు. రేపు నన్నెలాగూ మైకు దగ్గరికి రానివ్వరు. పొద్దున్నే వచ్చి టార్పాలిన్ కొస నేను పట్టుకుంటా."

చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. తాళాలు లేవు. ఖాళీ జేబులో వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. బావ అది చూసి, అతుక్కున్న కాగితాల్లోంచి ఒకటి జాగ్రత్తగా విడదీసి అతని వేళ్ళ మధ్య పెట్టాడు.

"మెల్లిగా ఊపు, ఆరుతుంది. ఎలాగూ ఊరుకోలేవుగా."