సినిస్టర్ అంటే ఎడమ

మా బళ్ళో ఇంగ్లీషు చెప్పే మేష్టారు పోయిన ఆదివారం టైఫాయిడ్‌తో కన్నుమూశారు. మామిడి కోతల రోజులు కావడంతో, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది తోటలు వదిలి రాలేకపోయారు. తీరిక ఉండీ రానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళెందుకు రాలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ఆ బళ్ళోనే లెక్కలు చెబుతాను. ఆయన చేతిరాత కోడి కెలికినట్టుండేది. ఒకసారి నేను నవ్వితే, ఎడమ అరచేతిలో పాత మచ్చ చూపించారు. పుట్టుకతో ఎడంచేతి వాటం. ఆ చేత్తో అన్నం కలుపుతున్నాడని చిన్నప్పుడు తండ్రి వాత పెట్టాడట. అప్పట్నుంచీ రాతా కుడిచేత్తోనే.

"మా నాన్న చెడ్డవాడు కాదండీ. భయపడ్డాడంతే" అన్నారు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు ముసునూరు రైతు ఒకాయన తన కూతుర్ని మా బళ్ళో చేర్చాడు. ఆ పిల్లదీ ఎడంచేతి వాటమే. సరస్వతిని ఎడంచేత్తో ముడతావా అని తెలుగు పంతులుగారు వేళ్ళు వాచేలా కొట్టారు. తర్వాతి పీరియడ్ ఇంగ్లీషు. పక్కగదిలోంచి నేను చూస్తూనే ఉన్నాను. మేష్టారు సుద్దముక్కను ఎడంచేతిలోకి మార్చుకుని, బోర్డు మీద 'సినిస్టర్' అని రాశారు. అచ్చు వేసినట్టున్నాయి అక్షరాలు.

"దీనర్థం ఏంటి?"

"కీడు చేసేది అండీ" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"అది ఇప్పటి మాట. లాటిన్‌లో దీనర్థం ఎడమ, అంతే. రోమ్‌లో శకునాలు చూసేవాళ్ళు మొదట్లో ఎడమవైపు పిట్ట కనబడితే శుభం అనుకునేవాళ్ళు. తర్వాత గ్రీకుల్ని చూసి అశుభం అన్నారు. పిట్ట అదే. చెయ్యీ అదే. మాటకి పుట్టుకతో పాపం ఉండదర్రా, మనం అంటగడతాం."

ఆ పిల్ల వాచిన వేళ్ళతోనే ఆ మాట రాసుకుంది.

వారం తిరక్కుండా తండ్రి ఆమెను బడి మాన్పించాడు. మేష్టారు ముసునూరు నడిచి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఆ రైతు తోటలో కాయలు ఏరిస్తూ, మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"మా పిల్లకి కీడు మాటలు నేర్పుతున్నారంట కదండీ. రేపు దానికి సంబంధం ఎట్టా వస్తుంది?"

"నేను చెప్పింది అది కాదండీ, ఆ మాటకి అసలర్థం..."

"మీ అర్థాలు మాకెందుకండీ? వెళ్ళి రండి."

ఆ ఏడే హెడ్మాస్టరు పదవి ఆయనకు రావాలి. బడి కమిటీవారు ఆయనకంటే చిన్నవాడికిచ్చారు. పిల్లల్ని పాడుచేస్తాడన్న పేరు ఆయన వెంటే ఉండిపోయింది. ఆ పిల్లకు పెళ్ళయి చింతలపూడి వెళ్ళిపోయిందని విన్నాను. ఇప్పుడు ఏ చేత్తో రాస్తుందో, అసలు రాస్తుందో లేదో.

శ్మశానానికి కమిటీ ప్రెసిడెంటుగారు వచ్చారు. "చాలా మంచివాడండీ పాపం" అన్నారు.

మేష్టారి కొడుకు నీళ్ళకుండ కుడి భుజానికెత్తుకోబోయాడు.

"అటు కాదు బాబూ, ఎడమ భుజం మీద" అన్నాడు పురోహితుడు.

ఆ అబ్బాయి కుండను ఇటు మార్చుకుని, చితి చుట్టూ ఎడమగా నడిచాడు. కుండకు పొడిచిన చిల్లులోంచి నీళ్ళు సన్నగా కారుతూ, ఎండిన మట్టిలో ఇంకిపోతున్నాయి.