కాంటా ఎక్కిన ఉపన్యాసం

ఆ రోజుల్లో ఉపన్యాసమంటే అరగంటైనా సాగాలని, వినేవాడికి సగం అర్థం కాకపోతేనే వక్తకు గౌరవమని నాకు గట్టి నమ్మకం. (నా మొహం చూసి ఎవరూ గౌరవించరని అప్పటికే తెలుసు కనుక మాటల మీదే ఆశ పెట్టుకున్నాను.) అరవై దశకంలో బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో టెంపరరీగా చేరాను. మేం కోటుసారు అని పిలుచుకునే ఆఫీసరు ఒకనాడు పిలిచి, "చెరుకు ఆకుతోని, మట్టితోని వస్తున్నది. రైతులకు నచ్చజెప్పు. ఈ వారంల బండ్లు శుభ్రంగ వస్తే నీ నౌకరి పక్కా. లేకుంటే ఇంటికే" అన్నాడు. ఇంట్లో మా అవ్వేమో మనుమడికి ఫ్యాక్టరీ నౌకరి వచ్చిందని అప్పటికే పక్కనున్న మోస్రా ఊరి దాకా చాటింపు వేసింది.

కూర్చుని ఉపన్యాసం రాశాను. సంబోధనకే ఒక పేజీ పట్టింది. 'రైతు దేశానికి వెన్నెముక' అన్నచోట చెయ్యి పైకెత్తాలని కూడా నిర్ణయించుకున్నాను. అవ్వను కూర్చోబెట్టి చదివి వినిపిస్తే, "మంచిగున్నది బిడ్డా. గని చెరుకు ముచ్చట ఎప్పుడొస్తది?" అంది. చివర్లో వస్తుందని గర్వంగా చెప్పాను.

ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు తూకం కోసం బారులు తీరి ఉంటాయి. ఇంతకంటే మంచి సభ ఎక్కడ దొరుకుతుందని కాంటా పక్కనే ఒక డబ్బా ఎక్కి మొదలుపెట్టాను. ఆ సభ నడిచే సభ అన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఒక బండి తూగగానే వరుసంతా ముందుకు జరుగుతుంది. వెన్నెముక దాకా విన్న రైతు సంతోషంగా తలూపి, ఆకుల చెరుకుతోనే కాంటా ఎక్కాడు. వెనక బండి అతనికి 'కావున' దగ్గర్నుంచే వినబడింది. "కావున ఏంది సారూ? ముందుగాల ఏం జెప్పిన్రు?" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చాను. అంతలో ఆ బండీ కదిలింది. నాకు పట్టుదల పెరిగి, చెయ్యెత్తి మాట్లాడుతూనే దాని వెంట నడిచాను.

కాంటా జమాదారు చాచా కేకేశాడు. "అరే భాయ్, దిగు దిగు! చెరుకుతోని నిన్ను గూడ తూకమేస్తున్న!"

చూసుకుంటే కాంటా పలక మీద నిలబడి ఉన్నాను. చెయ్యి ఇంకా పైనే ఉంది. "ఉండనియ్యి చాచా, సారు బరువు నా చెరుకుల రానీ" అన్నాడు బండి రైతు. బారంతా విరగబడి నవ్వింది. (ఎద్దులే నయం, నవ్వలేదు.) నౌకరి పోయినట్టేనని నాకు నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చాచా నన్ను పక్కకు పిలిచాడు. "బండి ఒక్కకాడ నిలబడేది చుట్ట ముట్టించేంత సేపే బేటా. గంతల పట్టేదే చెప్పు."

మర్నాటి నుంచి డబ్బా ఎక్కలేదు. ఒక్కో బండి దగ్గరికి పోయి, కాడి మీద చెయ్యేసి, "అన్నా, ఆకు తీసి, మట్టి దులిపి తేండ్రి. తూకంల కోత పడది" అనేవాణ్ణి. అంతే, పక్క బండి. వారం చివర కోటుసారు వచ్చినప్పుడు నేను నోరు తెరవకముందే ఒక రైతు, "తీసినం సారూ, దులిపినం! ఇగ నువ్వు కాంటా ఎక్కకు" అని అరిచాడు. కోటుసారుకు ఆ మాట అర్థం కాలేదు గాని, చెరుకు నచ్చింది. నౌకరి పక్కా అయింది.

ఇప్పుడు నేను పెద్దమనిషిని. సభలకు పిలుస్తారు, శాలువా కప్పుతారు. గంటకు తక్కువ మాట్లాడను. ఎదుట కూర్చున్నవాళ్లు మర్యాదస్తులు, కదలరు. ఏం చెప్పానో ఇంటికి చేరేసరికి నాకే గుర్తుండదు. అప్పుడు, ఒక్క మాట చెప్పి పక్క బండికి సాగిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడి ముందు నేను నిలవలేను.